బయిస్కోపు కథ చెప్పిన హవల్దారు

మొన్న సంతరోజున కలప అడితిలో ఒక టేకుదుంగ చుట్టుకొలత తీస్తూ ఉండగా వీధిలో డప్పు మోగింది. గుడారం బయిస్కోపు మళ్ళీ వచ్చిందట. ఎడ్లబండి మీద నిలబడి ఒకతను రేకుగొట్టం నోటికి పెట్టుకొని అరుస్తున్నాడు. “ఇద్దరు రాజులు! ఇద్దరు సిపాయిలు! ఒకే గుడిసె, ఒకే కోడి! పొట్ట చెక్కలయ్యే బొమ్మ!”

కొలతాడు నా చేతిలో అలాగే ఉండిపోయింది. దుంగకు అవతలి పక్కనున్నవాడు, “ఏటండీ, ఎంతొచ్చింది?” అని అడిగాడు. చెప్పలేకపోయాను. మళ్ళీ కొలవవలసి వచ్చింది. నా పనిలో అలా జరగడం చాలా అరుదు.

ఆ బొమ్మ నాకు తెలుసు. కొన్నేళ్ళ కిందట, కొండమీద మన్యంవాళ్ళ తిరుగుబాటు, అదే పితూరీ, అణిగిన కొత్తల్లో, అది మా నర్సీపట్నంలోనే ఆడింది. ఆనాడు దాని కథ మాకు చెప్పినవాడు బయిస్కోపు మనిషి కాదు. పితూరీ అణచడానికి మలబారు నుంచి దించిన పోలీసు పటాలంలో ఒక హవల్దారు. ఆయన పేరు నాకు తెలుసు గాని రాయను. ఆయన ఇంకా సర్కారు కొలువులో ఉంటే ఈ రాత వల్ల ఆయనకు మంచి జరగదు. లేకపోతే, పేరు వల్ల చదివేవారికి కొత్తగా తెలిసేదేమీ లేదు.

నేను కలప కొలిచేవాణ్ణి. గొలుగొండ, కొయ్యూరు వైపు నుంచి బండ్ల మీద వచ్చే దుంగలకు చుట్టుకొలత, పొడవు తీసి, ఎంత కలప అయిందో అక్కడికక్కడే నోటితో చెప్పడం నా పని. బడిలో నేర్చింది తక్కువ. లెక్క మీద ఇష్టం కొద్దీ మిగిలినది నాకు నేనే నేర్చుకున్నాను. దుంగ కొలిచేటప్పుడు తాడు ఒక కొస నా చేతిలో, రెండో కొస దుంగ నరికి తెచ్చినవాడి చేతిలో ఉండాలి. అది మా అడితి మర్యాద. ఇద్దరూ పట్టుకున్నారు గనుక ఇద్దరూ ఒప్పుకున్నట్టే. ఆ పైన నేను చెప్పిన అంకెను ఎవరూ మళ్ళీ అడిగేవారు కాదు. అక్షరం రాని కొండవాళ్ళు నా నోటిమాట నమ్మేవారు. నేను సంపాదించుకున్నదల్లా అదే.

పటాలం ఊరిబయట డేరాలు వేసుకున్నాక మా అడితికి ఒక కాపలా మనిషిని వేశారు. దుంగలు దొంగలపాలు కాకుండా చూడటానికని చెప్పారు. అలా వచ్చాడాయన. నల్లని పొడుగుపాటి మనిషి. తలకు పట్టించిన కొబ్బరినూనె వాసన ఆయన కంటె ముందు లోపలికి వచ్చేది. అదే నూనెతో కూర కూడా వండుకుంటాడని తెలిసిననాడు మా ఇంటావిడ ముక్కు మూసుకుంది. “తలకి రాసుకునీది తింటాడేటి! ఇంకేటి మిగులుద్ది ఆ మనిసికి?” అంది.

మొదట్లో మేం మాట్లాడుకోలేదు. నేను సీమగుడ్డ మానేసి ఖద్దరు కట్టేవాణ్ణి. జైలుకు వెళ్ళినవాణ్ణి కాదు గాని, కొండవాళ్ళకు జరిగింది అన్యాయమనే మాట నా మనసులో స్థిరంగా ఉండేది. ఆ అన్యాయానికి తుపాకి మోసినవాళ్ళలో ఆయనొకడు. అటువంటివాడితో నాకేం మాటలు? ఒకరోజు ఆయనే దగ్గరకు వచ్చి నా చొక్కా అంచు రెండువేళ్ళ మధ్య నలిపి చూశాడు.

“మాషే, ఇది వానలో తడిసింది అంటే, మోసేది నువ్వా, ఎద్దా?”

మాషు అంటే వాళ్ళ వైపు పంతులని అర్థమట. నేను పంతుల్ని కానని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

“నీ నెత్తిమీది టోపీ కంటె తేలికే” అన్నాను.

ఆయన టోపీ తీసి, అరచేతిలో తూచి చూసి, “నిజం” అని ఒప్పుకొని, దాన్ని వెల్లకిలా దుంగ మీద పెట్టాడు. ఆనాటి నుంచి అదే పద్ధతి. టోపీ తలమీద ఉన్నంతసేపు పోలీసు. దుంగ మీద పెడితే కాడు. ఇన్‌స్పెక్టరు గుర్రం చప్పుడు వినబడితే చాలు, టోపీ తలమీదకూ బూటుకాలు ఇసుక మీదకూ ఒకేసారి వెళ్ళేవి.

ఇసుక సంగతి ఏమిటంటే, ఆయనకు లెక్కల పిచ్చి. నేను దుంగ కొలతను నోటితో కట్టడం చూసి ముందు మోసమనుకున్నాడు. ఆ తరువాత పుల్లతో నేలమీద గీతలు గీసి తానూ కట్టి చూసుకున్నాడు. నా జవాబే వచ్చింది. ఆ సాయంకాలం నుంచి బండ్లు వెళ్ళిపోయాక మేమిద్దరం ఇసుకలో గొంతుక్కూర్చుని ఒకరికొకరు చిక్కులెక్కలు ఇచ్చుకునేవాళ్ళం. చిన్నప్పుడు వాళ్ళ ఊరి పంతులు ఇసుకలో వేలితో రాయించి నేర్పిన లెక్కలు ఆయనవి. రంపంకోతవాళ్ళ నుంచి నేను పోగుచేసుకున్నవి నావి. తొమ్మిది గళ్ళు గీసి, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చేట్టు నింపడం ఆయనే నాకు చూపించాడు. నేను తప్పు చేస్తే ఆయన ముఖం వెలిగిపోయేది.

“తప్పు వచ్చిందా? మంచిది, మంచిది. ఇంకాసేపు కూర్చోవచ్చు.”

ఇది ఆయన ఊతపదం. తన తప్పుకూ అదే అనేవాడు. సర్కారు మనిషి నోట తప్పు మంచిదనే మాట నేను మరెక్కడా వినలేదు.

ఆయన తెలుగు ఎలా ఉండేదంటే, మనుషులూ ఎడ్లూ దుంగలూ ఇన్‌స్పెక్టరూ, అందరూ ‘వచ్చింది’, ‘పోయింది’ అనే. “అతను వచ్చాడు, అనాలి” అని నేను దిద్దితే, “ఎందుకు? వచ్చింది కదా?” అనేవాడు.  కూతురికి పంపాలని ఏటికొప్పాక లక్కబొంగరం ఒకటి కొన్నాడు. పంపిన జాడ లేదు. చిక్కులెక్క తెగనప్పుడల్లా జేబులోంచి తీసి, నున్నగా చెక్కిన దుంగ మొదలు మీద తిప్పి, ఆ రంగులు కలిసిపోయి మళ్ళీ విడిపోయేదాకా కన్నార్పకుండా చూసేవాడు. “అమ్మాయికి ఎప్పుడు పంపుతావయ్యా?” అంటే, “ముందు బాగా తిరుగుతుందో లేదో చూడాలి” అనేవాడు. వాళ్ళ పటాలం చేసిన పని గురించి నేను అప్పుడప్పుడు గట్టిగానే మాట్లాడేవాణ్ణి. వాదించేవాడు కాదు, అవుననేవాడూ కాదు. “మాషే, టోపీ కింద ఉంది. ఇప్పుడు లెక్క చెప్పు” అనేవాడు.

మేం ఇలా ఉండగా కొయ్యూరు దారిలో సోమన్న మేనల్లుణ్ణి పితూరీవాడనే అనుమానం మీద పోలీసులు పట్టుకున్నారు. సోమన్న మా అడితికి దుంగలు తెచ్చే గొడ్డలివాళ్ళకు పెద్ద. నేను పనిలో చేరినప్పటి నుంచి తాడు రెండో కొస ఎక్కువగా ఆయన చేతిలోనే ఉండేది. ఆ కుర్రవాణ్ణి కొన్నాళ్ళు ఉంచుకొని కొట్టి వదిలేశారు. వదిలేశాక సోమన్న బండి తోలుకొచ్చాడు. దుంగ దించారు. నేను తాడు తీశాను. ఆయన నా చేతిలోంచి నా కొస కూడా తీసుకొని తనవాడికి ఇచ్చాడు.

“ఇదేటి సోమన్నా?” అన్నాను.

“ఈ కొస కూడా మావోడే పట్టుకుంతాడు బాబూ. తమకి సేతులు కాళీగా ఉండాల గదా.”

“నా చేతులు ఖాళీగా ఎందుకు?”

“గీతలు గీసుకోడానికి.”

అతని వెనకాల ఉన్నవాళ్ళు ఎవరూ నవ్వలేదు. అప్పుడు సోమన్న నెమ్మదిగా చెప్పాడు. “ఆడ్ని పట్టుకున్న దారి మా గొడ్డళ్ళకీ మా పసువులకీ తప్ప తెలవదు బాబూ. ఓ పాలి సెట్లు సూత్తానని మాతో ఆ దారంట తమరొచ్చినారు. తరవాత ఆ మలబారోడితో ఇసకలో కూకున్నారు. ఆడేటో గీత్తాడు, తమరేటో గీత్తారు. మేమొత్తే కాలితో సెరిపేత్తాడు. మాకు సదువు రాదు. కళ్ళున్నాయి గదా.”

లెక్కలని చెప్పాను. “లెక్కలైతే సెరపడమెందుకు?” అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎవరి అలికిడి విన్నా అధికారేమోనని, చూస్తే తనను శిక్షిస్తారని హవల్దారు చెరిపేవాడు. కాని పోలీసువాడు పోలీసుకు భయపడి చెరిపాడంటే ఎవరు నమ్ముతారు?

ఆ తరువాత నేను అంకె చెబితే గొడ్డలివాళ్ళు పక్కకు పోయి తమలో తాము మాట్లాడుకునేవారు. నేను చెప్పిన కొలతను వేరే అడితిలో మళ్ళీ కొలిపించేవారు. అక్కడా అదే వచ్చేది. అయినా నమ్మకం తిరిగి రాలేదు. వాళ్ళ అనుమానం నా కొలత మీద కాదు, నా మీద. వీధిలో నేను పోతుంటే అరుగు మీద మాటలు ఆగేవి. మా ఇంటావిడ నూతి దగ్గర నుంచి వచ్చి నీళ్ళబిందె దభాలున దించి, “ఆ పోలీసాడితో మీకేటి పనండీ? నానెల్తే ఆడోళ్ళు సేద తాడు నా సేతికివ్వకుండా కింద పడేసి ఎల్లిపోతన్నారు. బేగి తెంచుకోండి ఆ నేస్తం!” అంది. అంది గాని ఏడుస్తున్నట్టుంది.

మర్నాడు హవల్దారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక ఇసుకలో కూర్చోవద్దన్నాను. ఆయన బొంగరం జేబులో వేసుకున్నాడు. 

“మా ఊరిలో కూడా గొడవ వచ్చింది, మాషే” అన్నాడు. “నా పెద్ద అన్న. మంచి మనిషి. పోలీసుకు చెప్పింది అని అందరూ అన్నది. అన్న చెప్పలేదు. కాని చెప్పలేదని ఎవరు చెబుతుంది? అన్న చెబితే నమ్మలేదు. నేను తమ్ముడు, నేను చెబితే నమ్మలేదు. పోలీసు చెబితే నమ్ముతుంది. పోలీసు చెప్పలేదు. ఒకరోజు పొద్దున అన్న పోయింది. ఎక్కడికి అని తెలియదు.”

టోపీ తలమీద పెట్టుకొని తన చోటికి పోయి నిలబడ్డాడు. ఆ తరువాత అడితిలో మేం అపరిచితుల్లా ఉన్నాం.

ఆ వారంలోనే బయిస్కోపు వచ్చింది. సంతరోజు గనుక దీపాలు పెట్టే వేళకే గుడారం నిండింది. ముందు కుర్చీల్లో ఇన్‌స్పెక్టరు, ఊరి వకీలు, ఇంగ్లీషు బడి మేష్టరు. నేలమీద ఒక పక్క గొడ్డలివాళ్ళు, ఒక పక్క సెలవు మీద వచ్చిన పోలీసులు, మధ్య ఒక పడక పరిచేంత ఖాళీ. ఆ ఖాళీలో ఎవరూ కూర్చోలేదు. నేను వెనక బల్ల చివర కూర్చున్నాను. నా పక్క చోటూ ఖాళీగానే ఉంది.

మాటల్లేని బొమ్మ గనుక తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఒకడుండాలి. మధ్యమధ్య తెరమీద ఇంగ్లీషు రాతలు వస్తాయి. అవి చదివి, తెలుగులో చెప్పి, నవ్వించి, ఏడిపించేది ఆ మనిషే. ఆ రోజు ఆయన జ్వరంతో బండిలో పడుకున్నాడు. గుడారం యజమాని చేతులు జోడించి, ఇంగ్లీషు వచ్చిన పెద్దలెవరైనా దయచేయాలన్నాడు. వకీలుగారు పైకప్పు చూశారు. మేష్టరుగారు కండువా సర్దుకున్నారు. సంత జనం ముందు నిలబడి కోతి చేష్టలు చెప్పడం వాళ్ళ అంతస్తుకు తగదు.

పోలీసుల వైపు నుంచి, పటాలంలో కాస్త ఇంగ్లీషు పట్టుబడిన మా హవల్దారు లేచాడు. టోపీ తీసి కూర్చున్న చోట పెట్టి తెర పక్కకు వెళ్ళాడు. గొడ్డలివాళ్ళలో గుసగుస పుట్టింది. యంత్రం తిరిగింది.

“ఒక సిపాయి వచ్చింది. పొడుగు. ఒక రాజుది” అని మొదలుపెట్టాడు. “ఇంకొక సిపాయి వచ్చింది. పొట్టి. ఇంకొక రాజుది. రాజు పొట్టి కాదు. సిపాయి పొట్టి.”

ఎవరో కిసుక్కుమన్నారు.

“ఇద్దరికీ యుద్ధం. ఎందుకు? రాజులకు తెలుసు. పెద్ద వాన వచ్చింది. ఏరు వచ్చింది. గుడిసె ఉంది. పొడుగు లోపలికి వచ్చింది. పొట్టి లోపలికి వచ్చింది. ముసలమ్మ బయటికి పోయింది.”

“ముసల్ది ఎక్కడికెల్లిందయ్యా వానలో?” అని నేలమీద నుంచి ఒక ఆడమనిషి.

“నాకు చెప్పలేదు.”

గుడారం గొల్లుమంది. ఆయనకు మాట తెలియనప్పుడు తెర వైపు వేలు చూపి జనాన్నే అడిగేవాడు. “ఇది ఏమిటి?” “కోడి!” “ఇది?” “గంప!” “ఈ పొడుగు ఏమి చేస్తుంది?” “తుమ్ముతన్నాడు!” “ఆఁ, తుమ్మింది.” “పుంజా పెట్టా బాబూ?” అని ఒకడడిగితే, “గుడ్డు వచ్చింది అంటే చెబుతాను” అన్నాడు. అంత పెద్ద గుడారంలో ఆయనకు తెలుగు నేర్పనివాడు లేడు. గొడ్డలివాళ్ళు కూడా అరిచి చెబుతున్నారు. నేను ఎంతో కాలానికి నవ్వాను.

తెరమీద ఇద్దరు సిపాయిలకు ఒకరి భాష ఒకరికి తెలియదు. పొడుగువాడు పొయ్యిలోంచి బొగ్గు తీసి గుడిసె మధ్య నేలమీద గీత గీశాడు. ఇటు నాది, అటు నీది. కోడి గంపలోంచి లేచి, అటూ ఇటూ చూసి, సరిగ్గా గీత మీద గుడ్డు పెట్టింది. జనం పడీపడీ నవ్వుతుంటే, నేలమీద నుంచి ఒక గొంతు లేచింది. సోమన్న మేనల్లుడు.

“గీతల సంగతి నీకు బాగా తెలుసునులే మలబారోడా! అడితిలో గీత్తన్నావు గదా, మా కొండదారులు! నీ నేస్తాన్ని కూడా పిలువు తెరకాడికి, ఎనకాల కూకున్నాడు!”

నవ్వు ఆగిపోయింది. అప్పుడే రీలు అయిపోయింది. రీలు మార్చేదాకా దీపం వెలిగించడం రివాజు. దీపం వెలుగులో అందరి తలలూ నా వైపు తిరిగాయి.  లేచి వెళ్ళిపోతే ఒప్పుకున్నట్టు. కూర్చుంటే సిగ్గులేనట్టు. నేను కదలలేదు. ఊరు విడిచి పోవడమొక్కటే మిగిలిందని ఆ క్షణంలో అనుకున్నాను.

హవల్దారు తెర పక్క నుంచి దిగి ఆ ఖాళీ జాగాలోకి వచ్చాడు. గొంతుక్కూర్చుని వేలితో ఇసుకలో తొమ్మిది గళ్ళు గీశాడు.

“సోమన్నా, రా. ఆ వేరుశెనగ ఇవ్వు” అన్నాడు.

సోమన్న కదలలేదు. పక్కనున్న ఆడమనిషి తన ఒడిలోని పొట్లం ముందుకు తోసింది. హవల్దారు ఒక్కొక్క గడిలో కాయలు పెట్టుకుంటూ పోయాడు. ఒక గడిలో ఒకటి, ఒక గడిలో తొమ్మిది, నడిమి గడిలో అయిదు. పెట్టి, వెనక్కి జరిగాడు.

“లెక్కపెట్టు. ఇటు.”

సోమన్న వచ్చి కూర్చుని లెక్కపెట్టాడు. పదిహేను. “అటు.” పదిహేను. “ఈ మూల నుంచి ఆ మూల.” హవల్దారు చెప్పకుండానే సోమన్న నాలుగో పక్కా, అయిదో పక్కా లెక్కపెట్టాడు. ఒక కాయ తీసి, మళ్ళీ పెట్టి, చేతులు దులుపుకొని, “ఎటేపు ఎట్టినా అంతే” అన్నాడు తనవాళ్ళతో.

“ఇందులో మీ కొండ ఉందా? దారి ఉందా?” అన్నాడు హవల్దారు. “ఇదే మేము గీసింది. రోజూ ఇదే.”

“మరి సెరిపేవోడివెందుకు?” అని మేనల్లుడు.

హవల్దారు లేచి నిలబడ్డాడు. ఆ పైన మాట్లాడింది సోమన్నతో, కాని చూసింది కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టరును.

“నన్ను అక్కడ పెట్టింది దుంగల కోసం కాదు. ఈ మాషు దగ్గరకు కొండ నుంచి ఎవరు వచ్చింది, ఏమి మాట్లాడింది, రోజూ సాయంత్రం చెప్పాలి అని పెట్టింది. నేను చూడలేదు, వినలేదు. డ్యూటీలో టోపీ తీసి లెక్కలు వేసింది. రోజూ పోయి, ఏమీ లేదు సార్, అని చెప్పింది. అందుకు చెరిపింది. నీ మేనల్లుడు గురించి మాషు చెప్పలేదు. మాకు దారి తెలియలేదు, అడవిలో తప్పిపోయింది. ఈ అబ్బాయి ఎదురు వచ్చింది, పట్టుకుంది. అంతే. ఆ రోజు అడితి కాదు, నేను ఆ గుంపులో ఉంది.”

నా మీద నిఘాకు వేసిన మనిషని నాకు అప్పుడే తెలిసింది. చూడవలసినదంతా చూడకుండా, వినవలసినదంతా వినకుండా ఆయన నా ఎదుట కూర్చున్నాడు. లెక్క తప్పితే మంచిది, ఇంకాసేపు కూర్చోవచ్చు అంటూ.

ఇన్‌స్పెక్టరు అరవలేదు. లేచి నిలబడి ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట అన్నాడు. హవల్దారు వెళ్ళి టోపీ తీసుకొని తలమీద పెట్టుకున్నాడు. సలాము చేశాడు. ఇద్దరు పోలీసులు ఆయనకు చెరో పక్క నడిచారు. ఇన్‌స్పెక్టరు వెనకాలే వకీలూ మేష్టరూ కూడా వెళ్ళిపోయారు. గుడారం యజమానికి ఏం చేయాలో తోచక దీపం ఆర్పి చివరి రీలు పెట్టించాడు. కథ చెప్పేవాడు లేడు. సిపాయిలు గుడ్డు కోసం కొట్టుకున్నారు, ఇంటికప్పు కారితే ఒకే గొంగడి కింద దూరారు, గుడ్డు ఉడకబెట్టారు. గుడ్డు కుండలో ఉండగానే వాన వెలిసింది. బయట రెండు బూరలు ఊదినట్టు చూపించారు. ఇద్దరూ గుడ్డు వదిలేసి చెరో దారినా పోయారు. తెరమీద కొన్ని ఇంగ్లీషు రాతలు వచ్చి ఆగిపోయాయి. నాకు ఇంగ్లీషు అంకెలు వచ్చు గాని అక్షరాలు రావు. మిగిలినవాళ్ళకు అవీ రావు.

బయటికి వస్తుంటే సోమన్న నా పక్కన నడిచాడు. క్షమించమని అనలేదు, నేను కోరలేదు. సందు మలుపు దాకా వచ్చి, “ఎల్లుండి రెండు మద్ది దుంగలు దింపుతాం బాబూ. తమరే కొలవాల” అన్నాడు. ఇంటికి వెళ్ళి మా ఇంటావిడకు చెప్పాను. “ఆ కొబ్బరినూని మనిసికి రేపు నాలుగు సున్నుండలు పట్టికెల్లండి” అంది.

నేను ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాను. నా నోటిమాట ఇంకా చెల్లుతోంది. అది నా నిజాయితీ వల్లనే అని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. నిజాయితీ అప్పుడూ ఉంది, ఎవరూ నమ్మలేదు. దాన్ని నమ్మించగలిగిన ఒకే ఒక్క మనిషి, తన అన్నకు ఎవరూ చేయని సాయం నాకు చేశాడు. అందుకు తన హవల్దారు చేతిపట్టీలు ఇచ్చుకున్నాడు. మేమిద్దరం ఏ విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాలేదు, ఒక్క లెక్కల్లో తప్ప. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన్ను వెనక్కి పంపేస్తున్నారని తెలిసి సున్నుండల పొట్లంతో రైలుస్టేషను దారికి పోయాను. ఆయన్ను తీసుకుపోయే ఎడ్లబండి వస్తోంది. ఆయన చొక్కా భుజం కింద పట్టీలు ఊడదీసిన చోట బట్ట ముదురు రంగులో కనిపిస్తోంది. పక్కన ఒక పోలీసు కాపలా. పొట్లం అందించాను. ఆయన వాసన చూసి, “నెయ్యి. కొబ్బరినూనె కాదు. సరే” అన్నాడు.  

ఇంతలో దారి పక్క నుంచి సోమన్న, అతని వెనక గొడ్డలివాళ్ళు వచ్చి బండికి అడ్డంగా నిలబడ్డారు. కాపలా పోలీసు తుపాకి మీద చెయ్యి వేశాడు. సోమన్న దాన్ని చూడనేలేదు.

“బాబూ, ఓ మాట సెప్పెల్లాల. ఆకర్ని తెరమీద రాతలొచ్చినాయి. సదివినోడు లేడు. రాత్తిరంతా మావోళ్ళకి నిద్దర్లేదు. ఆ సిపాయిలిద్దరూ మళ్ళీ కలిసినారా, లేదా?”

హవల్దారు నా వైపు చూశాడు. చిక్కులెక్క తెగనప్పటిలాగే చెయ్యి జేబులోని బొంగరం మీదకు పోయింది.

“కలిసింది” అన్నాడు. “అలా రాసి ఉంది. చాలా కాలం పోయింది, ఇద్దరు రాజులూ పోయింది, అప్పుడు ఇద్దరూ కలిసింది.”

సోమన్న తలూపి వెనక్కి తిరిగి, “కలిసినారంట!” అని తనవాళ్ళకు గట్టిగా చెప్పాడు. వాళ్ళు బండికి దారి ఇచ్చారు.

ఆ రాతలు తెరమీదకు వచ్చే వేళకు ఆయన గుడారంలో లేడు. ఆ సంగతి నాకు తెలుసు. సోమన్నకూ తెలుసు. ఆయన్ను బయటికి తీసుకుపోతుంటే జనంలోంచి లేచి దారి చేసినవాడు సోమన్నే.